మలుపు తిరగని నిచ్చెన

ఆ రోజుల్లో మద్రాసులో ఉద్యోగం మానెయ్యడంలో కంటే, మానేస్తానని చెప్పుకుంటూ తిరగడంలో ఎక్కువ సుఖం ఉండేది. మా బావ ఆ సుఖాన్ని ఐదేళ్ళు అనుభవించాడు. పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సైరను కూస్తే పరిగెత్తడం, మళ్ళీ కూస్తే ఇంటికి రావడం. ఒకరు కూత పెడితే లేచే బతుకు తనకొద్దని నాతో అనేవాడు. నాతోనే ఎందుకంటే, ఇరవై రెండేళ్ళొచ్చినా ఏ కూతా పిలవకుండా అక్క ఇంట్లో తిని కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. యాభైల నడుమ ఒక ఎండాకాలం ఆయనకి దారి తోచింది. పొగా, హార్బరు ఉప్పుగాలీ తగిలి నల్లబడ్డ మేడల గోడలు బయటినుంచి కడిగిపెట్టే కంపెనీ. నేను భాగస్తుణ్ణి. అక్క వాదించలేదు. "ఏమయ్యా, నెల సెలవు పెట్టు. ఆలోగా నాలుగిండ్ల పని నిలకడగా దొరికితే సరి. లేదంటే మళ్ళా వర్క్‌షాపుకే పోవాల" అంది.

ఆ నెలలో మూడు వారాలు సామాను ఎంచుకోవడానికే చాల్లేదు. అంత హాయైన మూడు వారాలు నా జన్మలో మళ్ళీ రాలేదు. తోటలకి నీళ్ళు చల్లే ఇత్తడి చేతిపంపు ఒకటి దొరికితే, బావ దాన్ని కొట్టువాడి ముందే ఊడదీసి మళ్ళీ బిగించాడు. (ఒక వాషరు మిగిలింది. దాన్ని నేను జేబులో వేసుకున్నాను.) కొబ్బరిపీచు బ్రష్షులు ఒక్కొక్కటీ నా ముంజేతి మీద రుద్ది చూశాడు, గోడ కంటే నేను సున్నితమని ఆయనకి తోచలేదు. ఇక బండి. ఒక పాత వ్యాను బానెట్టు ఎత్తించి, కచేరీ విన్నట్టు కళ్ళు మూసుకుని విని, దీనికి దగ్గుందని తేల్చాడు. ఒక జట్కా చూశాం. గుర్రం మమ్మల్ని ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. (ఆ గుర్రాన్నే కొని ఉండాల్సిందని నేనిప్పటికీ అంటాను.) చివరికి పెట్రోలూ గడ్డీ అడగని పొడుగాటి తోపుడుబండి తీసుకున్నాం.

నిచ్చెన మాత్రం బావ తానే చేశాడు. సరుగుడు వాసాలతో ముప్ఫై అడుగులు, ఒకటే ముక్క. రెండు ముక్కలుగా చేద్దామంటే అతుకు ఉంటే బలం ఉండదన్నాడు. పోనీ బండికి తాడుతో కడదామన్నాను. "తాడుతో కట్టేది బస్తాల్ని. మనది కంపెనీ" అని ఎనిమిది బోల్టులు పెట్టి బిగించేశాడు. వర్క్‌షాపువాళ్ళు దేన్నీ కట్టరు, బిగిస్తారు.

మొదటి పని జార్జి టౌన్‌లో, బెల్లం టోకు వ్యాపారం చేసే శెట్టిగారి మేడ. కూతురి పెళ్ళి. మధ్యాహ్నం పందిరి వేసేలోపల ముఖభాగం కడగాలి. నచ్చితే ఆయనవే ఇంకో నాలుగు ఇళ్ళు ఇస్తామన్నారు. అంటే అక్క అడిగినవి సరిగ్గా దొరికినట్టే. శనివారం తెల్లారగానే బయలుదేరాం. పెద్ద రోడ్లన్నీ రాజాల్లా నడిచాం. శెట్టిగారి సందు మలుపులో నిచ్చెన ముందుకొస ఒక అరుగుకీ, వెనకకొస ఎదుటి గోడకీ తగులుకుని, బండి అటూ ఇటూ కదలకుండా నిలిచిపోయింది. పట్టాల మీద బతికినవాడికి మలుపు తన బాధ్యత కాదు మరి. అది పట్టాలు వేసినవాడు చూసుకుంటాడు. వెనక్కి లాగుదామంటే అప్పటికే బస్తాల బండ్లు బారులు తీరాయి. ఏందప్పా ఇది, నిచ్చెనా రైలా అని బండ్లవాళ్ళు అరవంలో అడుగుతున్నారు. నిచ్చెన విప్పుదామన్నాను. బావ నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"స్పానరు ఇంట్లోనే ఉండాది రా."

పక్క సందులో వడ్రంగి దగ్గర రంపం తెచ్చి బావే కోశాడు. కోస్తున్నంతసేపూ ఆయన మొహం నేను చూడలేదు, చూడలేకపోయాను. బోల్టులున్న ముక్క బండికే ఉండిపోయింది, కోసి తీసిన ముక్క మొదటి అంతస్తు దాకే అందింది. అందినంత మేర ఇద్దరం చేతులు బొబ్బలెక్కేలా కడిగాం. శెట్టిగారు వచ్చి, నడుము దాకా స్నానం చేసినట్టున్న మేడని చాలాసేపు చూసి, "కింద బాగుండాది నాయనా. పైనంతా పందిరి కప్పేస్తాదిలే" అన్నారు. మిగతా ఇళ్ళ మాట ఆయన ఎత్తలేదు, మేము అడగలేదు.

సోమవారం సైరను కూసింది. అక్క టిఫిన్ డబ్బా కట్టింది. ఆమె మొహంలోని నిశ్చింత చూసి నాకు కోపం వచ్చింది. (నా అన్నం కూడా ఆ నిశ్చింత మీదే ఉడుకుతోందని అప్పుడు తట్టలేదు.) వర్క్‌షాపు గేటు దాకా బావ వెంట నడిచాను. ఏడుస్తాడేమోనని భయం. ఆయన ఆగి, "ఈసారి మధ్యలో కీలు పెడదాంరా. మడుచుకుంటాది" అన్నాడు.

"ఎప్పుడు బావా?"

"చెప్తాలే. నువ్వు తయారుగా ఉండు."

ఆ తర్వాత నాకు గుమాస్తా పని దొరికింది. బావ రిటైరయ్యేదాకా ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు. కీలు మాట పండగలకి కలిసినప్పుడల్లా వచ్చేది, నవ్వుకునేవాళ్ళం, ఇంతలో ఎవరో భోజనానికి పిలిచేవారు. ఆయన పోయి పదిహేనేళ్ళయింది. నాకిప్పుడు మూడు మెట్లెక్కితే ఆయాసం. అయినా జార్జి టౌన్ వైపు వెళ్తే, నల్లబడ్డ ప్రతి మేడనీ తలెత్తి చూస్తూ ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ నిలబడిపోతాను. ఏంది తాతా చూస్తాండావని మనవడు అడిగితే ఏమీ లేదంటాను. బావ ఒక్కసారి వచ్చి లేవరా అంటే, ఈ ముసలాడు మోకాళ్ళని కూడా అడక్కుండా చెప్పులేసుకుంటాడు.