ఆటోలో తొమ్మిదో తరగతి

కరోనాతో బడి మూతబడిన ఆ ఏడు నాది తొమ్మిదో తరగతి. పాఠాలన్నీ ఫోన్లోనే చెప్పేవారు. మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోను, మా నాన్నది. బాపు కోరుట్ల, జగిత్యాల మధ్య ఆటో నడిపేవాడు. గిరాకీ అంతా ఫోన్ మీదే వచ్చేది కాబట్టి దాన్ని ఇంట్లో వదిలి వెళ్లలేడు. అందుకే ఫోనుతో పాటు నన్నూ ఎక్కించుకున్నాడు.

ఆ రోజులు తలచుకుంటే కలలో తిరిగినట్టే ఉంటుంది. చెవిలో సార్ గొంతు, కళ్ల ముందు కదిలిపోయే పసుపు చేన్లు. ఆకు ఎండను అన్నంగా ఎలా మార్చుకుంటుందో సార్ చెబుతుంటే, దారి పక్క ఆకులన్నీ ఆ పనిలోనే ఉన్నట్టు కనబడేవి. సగం మాట దగ్గర సిగ్నల్ పోయేది. తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయేది. మధ్యలో ఏం చెప్పి ఉంటారో ఊహించుకుంటూ, నిద్రకీ మెలకువకీ నడుమ తేలేదాన్ని.

ఒకరోజు సార్ అందరినీ కెమెరా ఆన్ చేయమన్నారు. మిగతా పిల్లల వెనక గోడలు, బీరువాలు, కర్టెన్లు కనబడుతున్నాయి. నేను చేయలేదు. సార్ రెండోసారి పిలిచాక, సిగ్గుతో తల దించుకునే చేశాను. నా పక్కన గాజుల పెట్టె ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ, వెనక పరుగెత్తే చెట్లు.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?" అన్నారు సార్.

"ఎటూ పోతలేను సార్. క్లాస్ ఇంటున్న. ఫోన్ మా బాపుది, ఆటో గూడ మా బాపుదే."

ఎవరూ నవ్వలేదు. సార్ ఇన్నాళ్లూ క్లాసులో ఒక్కసారీ కనిపించని ఒకమ్మాయి గురించి అడిగారు. ఆమె ఊరు మా దారిలోదే. వాళ్ల నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడనీ, వాళ్లింట్లో ఉన్నది బటన్ల ఫోనేననీ చెప్పాను. నా మాటలు వింటున్న బాపు వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"రేపటి సంది ఆ పిల్లను గూడ ఎక్కించుకుందాం తియ్."

మర్నాటి నుంచి ఇద్దరం, చెరో చెవిలో ఒక ఇయర్‌ఫోన్. సిగ్నల్ పోయిన చోట ఆమె ఒకటి ఊహించేది, నేనొకటి. రెండూ రాసుకునేవాళ్లం. వారానికోసారి సార్ కోరుట్ల బస్టాండు దగ్గర మా నోట్సు దిద్దేవారు. మా ఊహలు చదివి మెల్లగా నవ్వుకునేవారు.

ఇద్దరం గట్టెక్కాం. ఆమె ఇప్పుడు సిరిసిల్లలో నర్సింగ్ చదువుతోంది. బడి తెరిచిన మొదటిరోజు సంగతి మొన్న ఫోన్లో తనే గుర్తు చేసింది. కదలని బల్ల మీద కూర్చోగానే ఇద్దరికీ కళ్లు తిరిగాయి.