పొడి ప్లేట్లు

మెకానిక్ మంచాన పడి మూడు నెలలు కాలేదు, పెళ్లాం అప్పుడే ఆయన బండి విప్పి తుక్కుకి అమ్మేస్తోందని మా వీధిలో గుసగుసలు. అన్నవాళ్లెవరూ ఆ గడప తొక్కలేదు. నేను తొక్కాను. కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ఆమె బండికి క్లచ్ మారుస్తోంది. ముందుగదిలో పాత గోనెపట్టా పరిచి, వెలుతురు కిటికీ దగ్గరుంటే, బండి కుడిపక్కను మాత్రం మంచం వైపు తిప్పి నిలబెట్టింది. ఇదేం తిక్క అనుకున్నాను.

మంచం మీద ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. కుడి చెయ్యి, కాలు, మాట ఒక్కరోజే పడిపోయాయి. మాట తిరిగి రావచ్చు గానీ తనే ప్రయత్నించాలన్నాడు డాక్టరు. ఆయన ప్రయత్నిస్తేగా! మంచినీళ్లు కావాలన్నా గ్లాసు చూపించడమే.

"ఇంకో మెకానిక్కుకి ఇవ్వక నీకెందుకే ఈ చాకిరీ?"

"ఇంకొకళ్లు చెయ్యేస్తే ఈయన ఊరుకుంటారా పిన్నిగారూ?"

"ఊరుకోక ఏంచేస్తాడూ, నోరుంటేగా!" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆమె పాత ఆయిల్ దింపింది. పక్కమూత విప్పి, అరిగి నల్లబడ్డ ప్లేట్లు తీసి పేపరు మీద వరసగా పెట్టింది. కొత్తవాటి పొట్లం చింపి, ఒక ప్లేటు పొడిగానే లోపలికి తోసింది.

మంచం కిర్రుమంది. ఆయన ఇటు తిరిగాడు. ఎడమచెయ్యి గాల్లో ఆడిస్తున్నాడు. ఆమె చూడలేదు. రెండో ప్లేటు తోసింది.

"నూ... నూ..."

మూడోది అందుకుంది.

"నూనె!" అన్నాడాయన. చాన్నాళ్లు స్టార్టు చెయ్యని బండిలా మాట అందుకుని, ఆగి, మళ్లీ అందుకుంది. "నాన... బెట్టు!"

ఆమె చేతిలోది కింద పెట్టి, మోచేత్తో కళ్లు తుడుచుకుంది. లోపలికి తోసిన రెండు ప్లేట్లూ బయటికి తీసింది. మంచం కిందనుంచి ఒక పళ్లెం లాగింది. అందులో కొత్త ఆయిల్ ముందే పోసి ఉంది.

నేను ఉండబట్టలేకపోయాను. గుమ్మం దాకా సాగనంపడానికి వస్తే చెయ్యి పట్టుకుని అడిగేశాను. "నిజం చెప్పవే. మర్చిపోయావా, కావాలనే చేశావా?"

"ఈయన పక్కన పనిచేసిన ఇరవై ఏళ్లలో ఒక్కసారే నానబెట్టడం మర్చిపోయాను పిన్నిగారూ. ఆ రోజు వీధంతా వినపడేలా తిట్టారు. ఆ తిట్టు మళ్లీ వినాలనిపించింది."