నేను ఆపిన మాత్ర

తాడేపల్లిగూడెంలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. ఎంజైముల పాఠమంటే నాకు మహా గర్వం. అందుకే ఏలూరులో డాక్టరు మా అమ్మది మతిమరుపు జబ్బని చెప్పి, మాత్ర ఎలా పనిచేస్తుందో వివరించబోతే, ఆయన్ని ఆపి నేనే పూర్తిచేశాను. మెదడులో కబుర్లు మోసే పదార్థం ఒకటుంటుంది. కబురు అందాక దాన్ని విరగ్గొట్టేది ఒక ఎంజైము. ఈ జబ్బులో ఆ పదార్థమే తగ్గిపోతుంది, ఉన్న కాస్తనీ ఎంజైము మిగలనివ్వదు. బోర్డు మీద రాసింది పిల్లలు చదివేలోగా తుడిచేసినట్టు. మాత్ర ఆ ఎంజైముని అడ్డుకుంటుంది. జబ్బుని మాత్రం నయం చేయదు.

ఆ చివరి మాటే నా బుర్రలో తిష్ఠ వేసింది.

అమ్మ అప్పటికే రోజులూ వారాలూ కలిపేసేది. ముదినేపల్లిలో ఎప్పుడో అమ్మేసిన పొలానికి నీళ్లు పెట్టారా అని అడిగేది. కానీ నన్ను మాత్రం ఎరిగేది. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలలకి ఆవిడకి అన్నం సహించలేదు. ఒకటే వాంతులు. కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి చేపల పులుసు చూసి మొహం తిప్పుకునేది.

"ఏవండీ, డాక్టరు గారికి ఒకసారి ఫోన్ చేయండి," అంది మా ఆవిడ.

"నయం చేయని మందు కోసం అమ్మని ఎందుకు ఏడిపించడం? నాకు తెలీని పాఠమా ఇది?" అన్నాను.

మాత్ర ఆపేశాను. వారంలో అమ్మ ఆకలని అడిగి మరీ తింది. నేను గెలిచినవాడిలా మా ఆవిడ వైపు చూశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

నెల తిరిగేసరికి అమ్మ నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు చూడటం మొదలుపెట్టింది. భయమేసి ఏలూరు పరిగెత్తాను.

"తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెడదామండీ. పోయినదంతా తిరిగి రాకపోవచ్చు," అన్నాడు డాక్టరు. జబ్బు ముదిరినా ఇలాగే అవుతుందట, మాత్ర ఆపడం వల్లేనని చెప్పలేమట. ఆయన తిట్టినా బాగుండేది.

మళ్లీ వేస్తున్నాం. మొన్న మధ్యాహ్నం కాలేజీ నుంచి రాగానే అమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. చెంగు సర్దుకుని లేచి కూర్చుంది.

"కూర్చోండి బాబూ. మా అబ్బాయి వచ్చే వేళైందండి. వాడొచ్చాక ఇద్దరూ కలిసి భోంచేద్దురు గాని."

సరేనండీ అని కూర్చున్నాను. అమ్మ గుమ్మం వైపే చూస్తూ ఉంది.