ఓర్ఫా అత్త టెలిఫోను దుమ్ము

ఓర్ఫా స్కార్‌కి పక్కవాళ్ళ ఫోను మాటలు వినే జబ్బు ఉండేది. జబ్బు అంటే చిన్నమాటే. ఆవిడ దాన్ని వ్రతంలా చేసేది.

విస్కాన్సిన్ కొండల నడుమ ఆ లోయలో ఎనిమిది ఇళ్ళకీ కలిపి ఒకటే టెలిఫోను తీగ. ఎవరికి ఫోనొచ్చినా అన్ని ఇళ్ళలోనూ గంట మోగేది, ఎవరు ఎత్తినా ఆ మాటలు వినిపించేవి. రెండు పొడుగు, ఒక పొట్టి మోగితే వెర్నా బ్రెకీ వాళ్ళకి. మూడు పొట్టి మోగితే బ్రహ్మచారి ఎమెట్ డుగన్‌కి. ఏది మోగినా ఓర్ఫాకి.

వింటున్నట్టు తెలియకూడదని ఆవిడ ఊపిరి బిగబట్టేది. కానీ ఆవిడ వంటింట్లో పొయ్యి పక్కన ఒక కుంటి కోడి కాపురం ఉండేది. పేరు డచెస్. దానికి ఊపిరి బిగబట్టడం రాదు.

"నడుం పట్టేసింది, డాక్టరు రేపు రమ్మన్నాడు..."

"కొక్కొక్కో."

"అత్తా, ఫోను పెట్టెయ్!"

"నేనెక్కడ వింటున్నాన్రా? ఫోను మీద దుమ్ము దులుపుతున్నా."

ఎప్పుడు దొరికిపోయినా ఇదే జవాబు. ఆ లెక్కన అంత శుభ్రమైన టెలిఫోను వైట్‌హౌస్‌లో కూడా ఉండి ఉండదు. అయినా లోయలో అందరూ ఆవిణ్ణి అత్తా అనే పిలిచేవాళ్ళు. తిట్టేటప్పుడు కూడా.

ఎక్కువగా తిట్టింది వెర్నా. చర్చి విందుకి ముందురోజు ఆమె పట్నంలో ఉన్న అక్కకి ఫోన్ చేసి గుసగుసగా చెప్పింది. "ఎవరితోనూ అనకే. ఈసారి కేకు డబ్బా పిండితో చేసేస్తున్నా. నీళ్ళు పోసి కలిపితే చాలట."

"ఓ గుడ్డు కూడా కొట్టి వెయ్యవే. డబ్బా వాసన పోతుంది," అంది మూడో గొంతు.

వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. "నీకు ఇల్లూ వాకిలీ లేవా అత్తా? మా ఇంటి సంగతులు నీకెందుకు? ఇంకెప్పుడూ మా మాటల్లో నోరు పెట్టకు!"

టక్‌మని ఓర్ఫా ఫోను పెట్టేసింది.

వెర్నా గుడ్డు మాత్రం వేసింది. విందులో ఓర్ఫా ఆ కేకు రెండు ముక్కలు తిని, "అచ్చం వెర్నా వాళ్ళమ్మ చేతి రుచే!" అని చర్చి కప్పు ఎగిరేలా మెచ్చుకుంది. వెర్నా కరగలేదు. కాఫీ పోస్తూ వచ్చి, ఓర్ఫా కప్పులో మాత్రం పొయ్యకుండా దాటి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే కంకర క్వారీ కంపెనీ తరఫున విక్స్ అనే మనిషి పట్నం హోటల్లో దిగాడు. కంపెనీకి లోయ మొత్తం కావాలి. మధ్యలో ఒక్క పొలం మిగిలినా వాళ్ళ పని సాగదు. అమ్మాలని ఎవరికీ లేదు. కానీ ఒంటరిగా మిగిలిపోతామేమోనని అందరికీ భయం. కంపెనీలు ముందు కొనేది పొలాన్ని కాదు, ఆ భయాన్ని.

వెర్నా మొగుడు మైలో పాల క్యాన్లు తీసుకుని డెయిరీకి వెళ్ళిన వేళ ఫోను మోగింది. రెండు పొడుగు, ఒక పొట్టి.

"అందరూ సంతకాలు పెట్టేశారమ్మా," అన్నాడు విక్స్. "మీరొక్కరే మిగిలారు. నాలుగు పక్కలా డైనమైట్లు పేలుతుంటే మీ ఆవులు పాలిస్తాయా?"

"ఎమెట్ డుగన్ కూడా పెట్టాడా?"

"ఆయనదే మొదటి సంతకం."

వెర్నా కిటికీలోంచి చూసింది. కొట్టం, గడ్డివాలు, తను పెళ్ళయి వచ్చిన ఏడాది నాటిన ఆపిల్ చెట్లు. "సాయంత్రం కాగితాలు తీసుకుని రండి" అన్న మాట పెదవుల దాకా వచ్చేసింది.

"కొక్కొక్కో."

"ఏమిటండీ ఆ చప్పుడు?" అన్నాడు విక్స్.

వెర్నా నోరు తెరిచేలోపే ఆమె చెవిలో గంట మోగింది. ఎవరో తమ ఫోను పిడి తిప్పుతున్నారు, ఆపకుండా, పొడుగ్గా. ఆ గంటకి లోయలో ఒకటే అర్థం: ఎక్కడో ఇల్లు అంటుకుంది, చేతిలో ఏ పనున్నా వదిలేసి ఫోను ఎత్తాలి. టక్, టక్, టక్‌మని అన్ని ఇళ్ళలోనూ ఎత్తారు.

"ఎవరిల్లు? మంటెక్కడ?" అని అరిచాడు డుగన్.

"ఈ పెద్దమనిషి నోట్లో!" అంది ఓర్ఫా. "ఎమెట్, నువ్వు సంతకం పెట్టావట్రా?"

"నేనా? వెర్నా వాళ్ళు పెట్టేశారన్నాడు. సరే, రేపు నేనూ పెట్టేద్దామని ఏడుస్తూ కూర్చున్నా!"

"మాతో నువ్వు పెట్టావన్నాడత్తా!" అంది ఇంకో ఇంటావిడ.

"నేనా! నా కోడి కాలైనా పెట్టనిస్తానా ఆ కాగితం మీద?" అంది ఓర్ఫా. "వెర్నా తిట్టింది కదా అని నోరు కుట్టేసుకుని వింటున్నా. పొద్దుట్నుంచీ ఇంటింటికీ ఇదే అబద్ధం. ఇక నావల్ల కాలేదే తల్లీ. కావాలంటే మళ్ళీ తిట్టుకో."

"ఇది... ఇది వ్యక్తిగత సంభాషణ!" అన్నాడు విక్స్. అంతమంది ఎత్తేసరికి తీగలో బలం చాలక, అతని గొంతు దోమ రొదలా సన్నబడిపోయింది.

"గట్టిగా చెప్పు నాయనా, ఎనిమిది ఇళ్ళకి వినపడాలి," అన్నాడు డుగన్.

ఆ సాయంత్రం ఎవరూ సంతకం పెట్టలేదు. ఆ తర్వాతా పెట్టలేదు. వెర్నా ఇంకో డబ్బా కేకు చేసి, గుడ్డు వేసి, ఓర్ఫా ఇంటికి పట్టుకెళ్ళింది.

కొన్నాళ్ళకి లోయలో ఎవరి తీగ వాళ్ళకి వచ్చింది. ఎవరి గుట్టు వాళ్ళదేనని అందరూ సంబరపడ్డారు. ఓర్ఫా ఫోను మాత్రం మూగబోయింది. మొగుడు పోయాక ఆ ఇంట్లో మనిషి గొంతంటూ వినిపించింది ఆ తీగలోనే. టపాపెట్టె దగ్గర కనిపించినప్పుడు, "డచెస్ ఈమధ్య సరిగ్గా తినట్లేదే వెర్నా," అంది. ఆవిడే సగమైపోయింది.

ఆ రోజు రాత్రి భోజనాల వేళ వెర్నా ఫోను తిప్పింది.

"అత్తా, నీ ఫోను మీద దుమ్ము పట్టి ఉంటుంది. తీరిగ్గా దులుపుకో."

రిసీవరు తెచ్చి బంగాళాదుంపల గిన్నె పక్కన పెట్టింది. మైలో వింతగా చూశాడు. "ఎవరే?"

"ఎవరూ లేరు. నువ్వు కానీ. కూర ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువైంది. ఇందాకట్నుంచీ చెప్దామనుకుంటున్నా, కానీ నీ మొహం చూస్తే..."

గిన్నె పక్కనుంచి, చాలా రోజుల తర్వాత కడుపునిండా, "కొక్కొక్కో," అని వినిపించింది.