చైనా రాకెట్ మీదికి నెట్టిన నిప్పు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. కొన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువంటే పెద్ద మాటేమో. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, మామిడికాయల బేరాలు ఆడుతున్నాను, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చుంటున్నాను. కానీ ఏసోబు ఎదురుపడి నమస్కారం పెట్టినప్పుడల్లా నా తల కిందికి వంగిపోతుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని నా వినయం అనుకుంటారు.

మాది బనగానపల్లె చుట్టుపక్కల ఒక ఊరు. నాకు మామిడితోట ఉంది. తోటను ఆనుకుని ఏసోబుకు కొద్దిపాటి చేను, చేనులో బోదగడ్డి కప్పిన కొట్టం, కొట్టంలో రెండు బర్రెలు, పక్కనే గడ్డివామి. ఏసోబు, ఆయన భార్య మార్తమ్మ ఆ బర్రెల మీదే బతికేవాళ్ళు. ఆదివారం వస్తే ఇద్దరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోయేవాళ్ళు. మా రెండు చేన్ల నడుమ ఒక గట్టు. ఆ ఎండాకాలం గట్టు మీద గడ్డి మోకాలెత్తున ఎండి నిలబడింది. తోటలోకి పాములు వస్తున్నాయని నేనే అగ్గిపుల్ల గీశాను. కూలిమనిషిని పిలిస్తే కోసిపెట్టేవాడు. పిలవలేదు. గడ్డి చాలావరకు కాలింది. మంట తగ్గి పొగ మిగిలింది. నీళ్ళు చల్లాలని నాకు తెలుసు. తెలియనివాణ్ణయితే ఇది రాయాల్సిన పనే లేదు. బోరు దాకా నడవడానికి బద్ధకమై ఇంటికి వచ్చేశాను.

చీకటి పడే వేళ వీధిలో ఎవరో కేకేస్తే అందరం బయటికొచ్చాం. ఉత్తరం వైపు ఆకాశంలో ఒక వెలుగు పోతోంది. చుక్క రాలినట్టు చప్పున ఆరిపోలేదు. నిదానంగా, ముక్కలుగా విడిపోతూ, వెనక తోకలు లాక్కుంటూ పోయింది. పిల్లలు ఫోన్లు పైకెత్తారు. ముసలివాళ్ళు దండం పెట్టారు. నేనూ నోరు తెరుచుకుని చూశాను. అది కనుమరుగైన కాసేపటికి మా తోట వైపు ఎర్రగా లేచింది.

పరుగెత్తాం. సాయంత్రం గాలికి గట్టు మీది నిప్పు వామికి పాకింది, వామి నుంచి కొట్టానికి అంటుకుంది. మేం పోయేసరికి కప్పు కూలిపోతోంది. పలుపులు విప్పబోయి మార్తమ్మ రెండు చేతులూ మంటలో పెట్టింది. ఆమెను బయటికి లాగగలిగాం. బర్రెలు దక్కలేదు. ఆమె ఏడవలేదు, కాలిన చేతులు ముందుకు చాపి బర్రెలను పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

అప్పుడు ఎవరో అన్నారు, "పైనుంచి పడిందప్పా ఇది. మనం చూస్తాండగానే పాయ గదా." అందరూ నా వైపు చూశారు. నాలుగు అక్షరాలు చదివినవాణ్ణి, ఊళ్ళో నా మాట చెల్లుతుంది. నా కాళ్ళ దగ్గరే గట్టు నల్లగా ఉంది. ఆ హడావిడిలో గట్టును చూసేదెవరు? "అయ్యుండొచ్చు" అన్నాను. అంతే అన్నాను. ఇన్నేళ్ళూ ఆ మాటనే పట్టుకుని నన్ను నేను ఊరడించుకున్నాను. అయ్యుండొచ్చు అన్నాను గానీ అవును అనలేదు కదా అని. ఎవరిని మభ్యపెట్టడానికి ఈ తెలివి?

మర్నాడు టీ అంగడి దగ్గర ఫోనులో వార్త చదివి వినిపించమన్నారు. చైనావాళ్ళు ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికి పంపిన రాకెట్ అట అది. పని తీరాక మిగిలిపోయిన భాగం భూమి చుట్టూ తిరిగి తిరిగి, కిందికి దిగుతూ గాలి రాపిడికి మండిపోయిందట. అంతవరకు గట్టిగా చదివాను. కింద ఇంకో వాక్యం ఉంది. కాలకుండా మిగిలిన ముక్కలు ఎంతో దూరాన వేరే రాష్ట్రంలో పొలాల్లో దొరికాయని. ఆ వాక్యం దగ్గర ఫోను జేబులో పెట్టుకున్నాను. ముందురోజు భయంలో నోరు జారిందనుకుందాం. మరి ఇది? పట్టపగలు, టీ తాగుతూ, బాగా ఆలోచించుకుని చేసిన పని ఇది. బర్రెల ఖరీదు ఇచ్చుకోలేనివాణ్ణి కాదు. నీళ్ళు చల్లడానికి బద్ధకించి ఒక ఆడమనిషి చేతులు కాల్చినవాడనే పేరు మోయలేకపోయాను.

మండలాఫీసు నుంచి వచ్చినాయన రాకెట్ ముక్క చూపించమన్నాడు. లేదు. మామూలు అగ్ని ప్రమాదమని రాయిస్తే ప్రభుత్వం నుంచి ఏదో ఒక సాయం వస్తుందని ఆయన మంచిగానే చెప్పాడు. ఏసోబు ఒప్పుకోలేదు. "రాకెట్టే సార్. అన్న చెప్పినాడు" అని నన్ను చూపించాడు. ఆ సాయమూ పోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఊరి నోరు ఊరుకోదు కదా. ఇంత ఊరుండగా ఆకాశం నుంచి నిప్పు వాళ్ళ కొట్టం మీదే పడిందంటే ఏదో పాపం చేసి ఉంటారని గుసగుసలు మొదలయ్యాయి. ఆ మాట ఏసోబు చెవిన పడింది. మనిషి చిక్కిపోయాడు. ఒక పొద్దున నా తోటకు వచ్చి మామిడిచెట్టు కింద నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, ఇన్ని చేన్లు ఉండాయి. అన్నీ ఇడ్సిపెట్టి నా కొట్టం మీదనే యాల పడింది?"

"అదేమన్నా చూసుకోని పడతాదా ఏసోబూ. యాడో ఒకచోట పడల్ల గదా."

"కాదన్నా. దేవుడు చూడకుండా ఏదీ పడదు. శానా దినాలు ఆలోచన చేసినా. నాకు దొరికింది." తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "మీ నాయన పోయిన యేడు, గట్టు రాయి జానెడు మీ పక్కకు జరిపినా. ఎవురూ చూడలేదనుకున్యా. దేవుడు చూసినాడు. నా తప్పుకు మార్తమ్మ చేతులు పోయినాయి. నన్ను మాపు చెయ్యన్నా."

ఆ రాయి జరిగిన సంగతి నాకు తెలియనే తెలియదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏ మనిషికైనా దొరుకుతుందా? నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నా ముఖంలోకే చూస్తున్నాడు.

"పోనీలేప్పా" అన్నాను. "అయిపోయిందేదో అయిపోయింది."

మీరు సరిగ్గానే చదివారు. నేను ఏసోబును క్షమించాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

మరుసటి రోజు ఆయనే గడారి తెచ్చి రాయిని పెకలించి, జానెడు వెనక్కి, తన చేనులోకి పాతాడు. పక్కన మార్తమ్మ నిలబడి చూస్తోంది. అప్పటికే ఆమె వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పాలు పిండిన చేతులు అవి, ఇప్పుడు చెంబు కూడా పట్టలేవు. వద్దు ఏసోబూ, అక్కడే ఉండనీ అని నేను అనాల్సింది. అనలేదు. అంటే ఎందుకని అడుగుతాడేమోనని భయం. ఆ జానెడు నేల ఇప్పుడు నాది. దాని మీద ప్రతి ఎండాకాలం గడ్డి లేస్తుంది. కొడవలితో కోయిస్తున్నాను.

ఎందుకు ఇప్పుడు చెబుతున్నాను? మంచివాణ్ణయి కాదు. మా ఊరి చర్చికి ఈ మధ్య కొత్త మైకు పెట్టారు. ఆదివారం దాని మోత మా వంటింటి దాకా వస్తుంది. మొన్న ఏసోబు సాక్ష్యం చెప్పడం విన్నాను. ఆకాశం నుంచి నిప్పు పంపి దేవుడు తన పాపం తనకు చూపించాడని, పక్క చేను అన్న పెద్ద మనసుతో మన్నించాడని, ఆ అన్నను చల్లగా చూడమని చర్చిలో అందరితో ప్రార్థన చేయించాడు. నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. మార్తమ్మ ఆమెన్ అనడం కూడా వినబడింది.

ఆకాశం నుంచి ఏమీ పడలేదు ఏసోబూ. నా అగ్గిపుల్ల అది. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. పెట్టాక గుండెల మీద కొంచెం తేలికగా ఉంది, ఆ తేలికకు కూడా సిగ్గుగా ఉంది. మీకు చెప్పాను గానీ ఆయనకు ఇంకా చెప్పలేదు. రేపు ఆదివారం. మైకు మళ్ళీ మోగుతుంది.