ముత్యం రాసిన పేరు

ఖతర్‌లోని మెసయీద్‌లో మా లేబర్ క్యాంపుకు పోలీసులు వచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లే. మిగతా రోజులకు ముత్యం ఉన్నాడు. అతన్ని మేమే ఓట్లేసి పెట్టుకున్నాం.

ముత్యానిది జగిత్యాల దగ్గర పల్లె. నలభై ఏడేళ్ళు. షార్జాలో ఆరేళ్ళు, ఇక్కడ పదకొండేళ్ళు, అంతా స్కఫోల్డింగ్ పనే, ఇనప పైపులతో పరంజా కట్టడం. ఎడమచేతి చూపుడువేలు ఎప్పుడో పైపుల మధ్య నలిగి ఇక వంగదు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఎవరైనా కొట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్ళి, ఇద్దరిలో ఎవరినీ చూడకుండా నేల వంక చూస్తూ నిలబడతాడు. కాసేపటికి "అయిందా?" అంటాడు. కొట్టుకునేవాళ్ళకే సిగ్గేస్తుంది.

జనవరిలో కంపెనీ ఒక నోటీసు అంటించింది. ప్రతి బ్లాకుకూ ఒక లీడరు, కార్మికులే ఎన్నుకోవాలి, పదవి రెండేళ్ళు. మా బ్లాకులో రెండు వందల మందిమి, అందరం తెలుగువాళ్ళమే. చదువు రానివాళ్ళ కోసం గుర్తులిచ్చారు. ముత్యానిది నీళ్ళ సీసా. నూట ముప్పై ఒక్క ఓట్లు పడ్డాయి. అందులో నాదొకటి. లీడరు గదుల్లోకి వెళ్ళి చూడొచ్చు, కొట్లాట ఆపొచ్చు, తప్పు చేసినవాడి పేరు రాసుకోవచ్చు అని మాకు చెప్పారు. పూర్తి వివరం ఒక కాగితం మీద ఉంది, ముందు ఇంగ్లీషు, వెనక అరబీ. తెలుగులో చదవమని ఎవరూ అడగలేదు, ఎవరూ చదవలేదు. ముత్యం సంతకం పెట్టాడు. కంపెనీ అతనికొక ఈల ఇచ్చింది.

ఆ రోజే అతని భార్య ముత్తవ్వ ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, గదిలో ఎనిమిది మందిమీ విన్నాం.

"దుబాయ్‌ల లీడరైనవట గద?"

"దుబాయ్ గాదే, ఖతర్."

"ఏదో ఒకటి తియ్. పోలీసోల్ల లెక్కనా?"

"గంత లేదు. గొడవల్ గాకుంట చూసుడు."

"లాఠీ ఇచ్చిండ్రా మరి?"

"ఈల ఇచ్చిండ్రు."

"ఈలనా! ఇంట్ల నా ఒక్కదాని నోరు మూయించలేనోనివి, గంత మందిని ఈలతోని ఆపుతవా?"

గది గదంతా పగలబడి నవ్వింది. ముత్యం కూడా నవ్వాడు. తర్వాత ఆరు నెలలు ఆ ఈల ఊదే అవసరం రాలేదు. జనం అతన్ని నిజంగానే పోలీసు అనుకున్నారు. ఒకడైతే తన బామ్మర్దిని ఫోన్లో బెదిరించమని బతిమాలాడు.

మా వైపు ఊళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. సర్పంచు ఉంటాడు, పోలీస్ స్టేషన్ ఉంటుంది, కానీ ఊరు వినేది వీడీసీ మాట. గ్రామాభివృద్ధి కమిటీ అంటారు, కులానికొక పెద్దమనిషి చొప్పున కూర్చుంటారు. చట్టం దానికి ఏ అధికారమూ ఇవ్వలేదు. ఫలానా ఇంటితో మాట్లాడొద్దని అది చెప్పిందంటే మాత్రం కిరాణా కొట్టువాడు ఉప్పు అమ్మడు, మంగలి గడ్డం గీయడు. ముత్యం తండ్రి ఒకసారి కమిటీకి ఎదురు చెప్పి మూడు నెలలు అలా బతికాడు. అంత పడ్డ ఇంటివాడు ఆ పద్ధతిని అసహ్యించుకోవాలి కదా. ముత్యం అసహ్యించుకోలేదు. దెబ్బల కంటే, జైలు కంటే నయం అనేవాడు. "నాల్గు దినాలైతే మల్ల కలుస్తరు. జైలుకు వోయినోడు కలుస్తడా?" అనేవాడు.

జులైలో మారుతి వ్యవహారం వచ్చింది.

మారుతిది ముత్యం పక్క ఊరు. ఎనిమిదేళ్ళుగా వెల్డర్ కింద హెల్పరు. ఆ నెలలోనే వెల్డర్ పరీక్ష పాసయ్యాడు, సెప్టెంబరు నుంచి చేతికి వెల్డింగ్ గన్ను వస్తుంది. అతనికి కడుపులో పుండు ఉంది. మెస్సు కూర తింటే కక్కేవాడు. అందుకని మంచం కింద ఒక కరెంటు పొయ్యి దాచుకుని జొన్నరవ్వతో మెత్తగా గట్క వండుకునేవాడు. గదుల్లో వంట చేయకూడదని రూలు. ఆ పొయ్యి వల్ల బ్లాకు కరెంటు మూడుసార్లు పోయింది. మూడోసారి ఐదు గంటలు ఏసీలు ఆగాయి, ఒకతను కళ్ళు తిరిగి మెట్ల మీద పడ్డాడు. అప్పటికే ముత్యం రెండుసార్లు చెప్పి చూశాడు.

శుక్రవారం పొద్దున మెస్సులో అందరూ కూర్చున్నారు. ముందుగా లేచింది నగేష్, మారుతి పై మంచం అతనిదే.

"అరేయ్, నీ గిన్నెడు గట్క కోసం రెండు నూర్ల మంది ఉడకాల్నారా?"

"నేను గూడ మీతోనే ఉడికిన గదనే," అన్నాడు మారుతి.

కొందరు నవ్వారు. నగేష్ నవ్వలేదు. "ముచ్చట్లు జెప్పకు. వీన్ని ఆఫీసుల అప్పజెప్పుండ్రి."

"ఆఫీసు వద్దు," అన్నాడు ముత్యం. "ఆఫీసుకు చెప్తే ఏమైతదో ఎర్కేనా? మన ముచ్చట మనలనే తెగాలె. వారం దినాలు వీనితోని ఎవ్వలు మాట్లాడద్దు. పొయ్యి నేను పలగ్గొడ్తా. ఏమంటవ్‌రా?"

"సరే మామా," అన్నాడు మారుతి. బతికిపోయాననుకున్నాడు. ముఖం చూస్తే తెలిసింది.

తీర్పు కాగితం మీద రాసి అందరికీ కనబడేచోట అంటించడం కూడా ఊరి పద్ధతే. ముత్యం అదే చేశాడు. అయితే మా బ్లాకులో మారుతులు ముగ్గురున్నారు. ఊళ్ళో అయితే ఇంటిపేరు రాస్తే చాలు. ఇక్కడ ఎవరి ఇంటిపేరు ఎవరికి తెలుసు? హెల్మెట్ మీద, మంచం మీద, ప్లేటు మీద అన్నిచోట్లా నంబరే. తప్పు చేయని ఇద్దరు మారుతులకు అన్యాయం జరగకూడదని ముత్యం పేరు పక్కన నంబరు రాశాడు, దూరం నుంచి కూడా కనబడేలా లావుగా. కింద 'కరెంటు పొయ్యి, ఏడు రోజులు' అని రాసి సంతకం పెట్టాడు. మెస్సు తలుపుకు అంటించాడు.

తెలుగు అక్షరాలు ఆఫీసులో ఎవరికీ రావు. అంకెలు అందరికీ వస్తాయి. ఫోటో తీస్తే మిగతాది ఫోనే ఇంగ్లీషులో చదివి పెడుతుంది.

మూడో రోజు మారుతిని ఆఫీసుకు పిలిచి ఉద్యోగం తీసేశామన్నారు. ఎల్లుండి విమానం. సేఫ్టీ తప్పు మీద పంపినవాణ్ణి మా కంపెనీ మళ్ళీ తీసుకోదు. ఎనిమిదేళ్ళ హెల్పరుతనం, పాసైన పరీక్ష, అన్నీ ఒక్క కాగితంతో పోయాయి.

మర్నాడు ముత్యం క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్ళాడు. తోడుగా నన్ను రమ్మన్నాడు. క్యాంప్ బాస్ ముజఫ్ఫర్ అలీ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. చెడ్డవాడు కాదు. చాయ్ కూడా తెప్పించాడు.

"ముత్యం భాయ్, నువ్వే రాసినవ్ గదా. మేం ఏం జేసినం?"

"నేను మాలో మాకు రాసుకున్న సాబ్. మేమే శిక్ష ఏసినం, అయిపోయింది. నేను రాసిందే, నేనే కొట్టేస్త."

"కొట్టేసేది నీ చేతుల లేదు భాయ్. దేఖో." బల్ల సొరుగులోంచి జనవరి నాటి కాగితం తీసి, ఒక లైను మీద వేలు పెట్టాడు. "లీడర్ రాసిన ప్రతిదీ ఆఫీసుది. నీ దస్తఖత్ ఇది."

ముత్యం ఆ లైనును చాలాసేపు చూశాడు, చదవగలిగినట్టు.

"బ్లాక్ వాళ్ళు మాఫ్ జేసిండ్రంటే రాసి తే," అన్నాడు ముజఫ్ఫర్ అలీ. "పేరు, నంబర్, దస్తఖత్. సగం మంది ఉన్నా నేను పైకి పంపిస్త. వాదా, మాటిస్తున్న."

తిరిగి వస్తుంటే ముత్యం నన్ను అడిగాడు. "నువ్వు ఫోన్ల ఏవేవో సదువుతవ్ గద. యాడనన్న పోలీసును ఓట్లేసి పెట్టుకుంటరా?"

అమెరికాలో జిల్లాకొకణ్ణి అలా ఎన్నుకుంటారని, షెరీఫ్ అంటారని, అతనికి తుపాకీ ఉంటుందని, జైలు కూడా అతని చేతి కిందే ఉంటుందని చెప్పాను.

"పట్టుకున్నోన్ని ఇడిచిపెట్టే పవర్ ఉంటదా?"

కొంత ఉంటుందేమో అన్నాను. కోర్టులు వేరే ఉంటాయన్నాను. జనానికి నచ్చకపోతే మళ్ళీ ఓట్లలో దింపేస్తారన్నాను.

"గట్లయితె మంచిదే," అన్నాడు.

ఆ సాయంత్రం కాగితం పట్టుకుని గది గదికీ తిరిగాడు. మొదటి సంతకం నగేష్ పెట్టాడు. "నేను తిట్టిన గని, వాని కడుపు కొట్టుమన్ననా?" అంటూ నంబరు రాశాడు. తర్వాత చేతులు ఆగిపోయాయి. ఓటు వేసినప్పుడు నీళ్ళ సీసా బొమ్మ మీద గుర్తు పెడితే చాలు, పేరు లేదు. ఇప్పుడు నంబరు రాయాలి. నంబరు రాస్తే ఏమవుతుందో మెస్సు తలుపు మీద కనబడుతూనే ఉంది. స్నానానికి వెళ్తున్నానని ఒకడు, చెయ్యి నొప్పని ఒకడు, అందరూ పెట్టాక పెడతానని నలభై మంది. నేను రేపు చూద్దామన్నాను. మొత్తం పదకొండు నంబర్లు వచ్చాయి.

ఆ రాత్రే ముజఫ్ఫర్ అలీ లెక్కపెట్టి కాగితం వెనక్కి ఇచ్చేశాడు. "నూటా ముప్పై మంది ఓటేసిండ్రు నీకు. మాఫీకి పదకొండు మందేనా భాయ్?"

మర్నాడు పొద్దున పది గంటలకు కంపెనీ బస్సు వచ్చింది. మిగతావాళ్ళంతా డ్యూటీకి పోయారు. నేను సిక్ అని చెప్పి ఉండిపోయాను. మారుతి ఒక సూట్‌కేసు, తాడుతో కట్టిన దుప్పటి మూట తెచ్చుకున్నాడు. ముత్యం సూట్‌కేసు అందుకుని బస్సు దాకా మోశాడు. మారుతి వద్దనలేదు.

"బిడ్డా," అన్నాడు ముత్యం.

"ఇంక రెండు దినాలున్నయ్ మామా," అన్నాడు మారుతి. గొంతులో కోపం లేదు. "నువ్వు ఏసిన శిక్షనే. నాతోని మాట్లాడకు."

ముత్యం మాట్లాడలేదు. మాట్లాడి ఉండొచ్చు, అక్కడ ఆపేవాళ్ళెవరూ లేరు. డ్రైవర్ యల్లా యల్లా అని తొందరపెట్టాడు. మారుతి ఎక్కి అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.

బస్సు గేటు దాటాక ముత్యం నేరుగా ఆఫీసుకు వెళ్ళి, లీడరు పదవి నాకొద్దు అన్నాడు. కాగితంలో వద్దనే లైను లేదన్నారు. ఇంకా పద్దెనిమిది నెలలుంది.