మెడికల్ టెస్టు కోసం మానేసిన గోలీలు

చంద్రపూర్ దగ్గర మాజ్రి బొగ్గు గనిలో డంపర్ నడుపుతుండగా ఒకరోజు పొద్దున ముక్కులోంచి రక్తం కారి స్టీరింగ్ మీద పడింది. తల వెనక బరువుగా ఉంది. బొగ్గు దుమ్ముకు ముక్కు ఎండిందనుకుని తుడుచుకుని, ఇంకో మూడు ట్రిప్పులు కొట్టాను. సాయంత్రం నా భార్య లలిత పోరుపెట్టి చంద్రపూర్‌లో తుకుం పేటలోని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. బీపీ 200/120. భయం కూడా వెయ్యలేదు. ఆ అంకె ఇంకెవరిదో అన్నట్టు విన్నాను.

మూడు రకాల మందులకూ అది దిగలేదు. కిడ్నీ స్కాన్, ఎకో, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. నాగపూర్ వెళ్తే అక్కడి పెద్ద డాక్టర్ హిందీలో వివరించారు. మెదడు అడుగున బ్రెయిన్‌స్టెమ్ ఉంటుందట. అందులోని నర్వ్ సెల్స్ కొన్ని రక్తనాళాలను బిగుసుకొమ్మని సంకేతాలు పంపుతాయట. నాలో అవి అవసరానికి మించి పంపుతున్నట్టున్నాయన్నారు. వాటిని నెమ్మదించేలా చేసే క్లోనిడిన్ గోలీలు రాసి, "ఇది ఎప్పుడూ ఒక్కసారిగా ఆపొద్దు, ఆపితే బీపీ ముందుకన్నా పైకి ఎగబాకుతుంది" అని రెండుసార్లు చెప్పారు. తల ఊపాను.

బీపీ దిగింది. అయిదు నెలలకు గనిలో మెడికల్ టెస్టు వచ్చింది. బీపీ ఉందని తేలితే డంపర్ దింపేసి ఆఫీసులో కూర్చోబెడతారని మా ఆపరేటర్లందరి భయం. పద్దెనిమిదేళ్లు తోలిన బండి. అది పోతే నేను దేనికీ పనికిరానని నా దిగులు. తోటి ఆపరేటర్ రాజన్న ఉపాయం చెప్పాడు.

"రక్తం తీస్తరన్నా. గోలీలు వేస్కుంటే అండ్ల దొరుకుతది. రెండు రోజులు బంద్ పెట్టు, ఎల్లిగడ్డ తిను."

నాగపూర్ డాక్టర్ మాట కాదని రాజన్న వెల్లుల్లి వైద్యం నమ్మిన తెలివి నాది. గోలీలు అట్లనే ఉన్నయేందని లలిత అడిగితే, వేరే డబ్బాలోవి వేసుకున్నానని అబద్ధమాడాను.

మెడికల్ రోజు వరసలోనే గుండెదడ, చెమటలు. మెషిన్ 240/140 చూపింది. కుర్చీలోంచి లేవబోతే ఎదురుగా ఉన్న నర్సు ఇద్దరుగా కనిపించింది. ఎడమ చెంప మొద్దుబారింది. చంద్రపూర్‌లో ఐసీయూలో పెట్టారు. ఎమ్మారై చూసి బ్రెయిన్‌స్టెమ్‌లో చిన్న బ్లీడ్ అన్నారు. మంచం పక్కన లలిత ఏడుస్తుంటే చూస్తూ పడుకున్నాను. నాకేమీ అనిపించలేదు.

పన్నెండు రోజులకు ఇంటికొచ్చాను. నడక కుదుటపడింది. ఎడమవైపు చూస్తే మాత్రం ఇప్పటికీ అన్నీ రెండుగానే కనిపిస్తాయి. ఆ చూపుతో డంపర్ ఇవ్వరు. ఇప్పుడు ఆఫీసులో హాజరు రాస్తున్నాను. చెంపకు ఇంకా స్పర్శ రాలేదు, గడ్డం గీసుకుంటే తెగినా తెలియదు.

మొన్న ఆ మెడికల్ చేసిన గని డాక్టర్ కనిపిస్తే, గోలీలు వాడుతున్నానని ఆ రోజే చెప్పి ఉంటే ఏం రాసేవారని అడిగాను.

"కంట్రోల్‌లో ఉంటే ఫిట్ అనే రాసేవాణ్ణి. ఆ రోజు నీ వరసలోనే గోలీలు వాడుతూ ఫిట్ అయినవాళ్లు నలుగురున్నారు" అన్నారాయన.

ఆ మాట లలితకు ఇంకా చెప్పలేదు.

బీపీ గోలీలు వాడేవాళ్లు మెడికల్‌కు వెళ్లే రోజు కూడా గోలీ వేసుకునే వెళ్లండి. స్ట్రిప్పు జేబులో పెట్టుకుని, డాక్టర్ అడగకముందే తీసి చూపించండి.